నాలుగు మిల్లీమీటర్ల తేడా

రోజు 15,118

ఐదింటికి 240. ఒంటిగంటకు 240. తొమ్మిదింటికి 240.

ఇవాళ్టితో వరసగా ఎనభై రోజులు, మూడు పూటలా, పెద్ద తొట్టి నీళ్ళు ఎర్రగీత మీదే ఉన్నాయి. పూట మారేటప్పుడు దిగిపోయేవాళ్ళు కొలకర్ర ముంచి సెంటీమీటర్ల అంకె చదువుతారు. ఎక్కేవాళ్ళు నిలబడి వింటారు. వాడిన నీళ్ళ మేర మంచు కరిగించి తొట్టిని మళ్ళీ గీతకు తేవడం ప్రతి పూట పని. నేను కర్ర చూసి ఈ పుస్తకంలో రాస్తాను. మంచుపేట పుట్టిన రోజు నుంచీ ఈ పని నాదే. నలభై ఒక్క ఏళ్ళలో ఇంత క్రమశిక్షణ ఎన్నడూ చూడలేదు. మూడు వందల పన్నెండు మందిమి తాగేది ఆ తొట్టి నీళ్ళే. మేము పీల్చే గాలి కూడా ఆ నీటిని విడగొట్టగా వచ్చేదే. కాబట్టి ఈ పిల్లలను మెచ్చుకోవడంలో పక్షపాతం లేదు.

మెచ్చుకోలేనిది వాళ్ళ శుభ్రత. పూట దిగిన ప్రతి మనిషికీ స్నానానికి పదిహేను లీటర్ల డబ్బా ఇస్తున్నాం. అయినా పొద్దుటి పూట పెద్ద, నా మనవరాలు ఊర్మిళ, తల గోక్కుంటూనే ఉంది.

"డబ్బా నీళ్ళు ఏం చేస్తున్నావే?" అని అడిగాను.

"బద్ధకం నాయనమ్మా," అంది నవ్వుతూ.

ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. నా పెంపకంలోకి బద్ధకం ఎలా దూరిందో తెలియడం లేదు.

రేపటి నుంచి ఆమె పూటలోకి ఇరవై నాలుగో మనిషి వస్తోంది. పేరు సువార్త. తూర్పుపేట మూతపడ్డాక మన దగ్గరికి చేరిన తొమ్మిది మందిలో ఒకతె. ఇన్నాళ్ళూ కూరమడుల్లో పనిచేసింది.

తొట్టి మీది దీపం మసకబారింది. మార్చమని మెకానిక్ బాజీకి చెప్పాను. "అట్నే అమ్మా, మారుస్తా" అన్నాడు.

రోజు 15,119

ఐదింటికి 240. ఒంటిగంటకు 239.6. తొమ్మిదింటికి 240.

కొత్తగా చేరిన మనిషి మొదటి రోజు కర్ర ముంచడం ఆనవాయితీ. సువార్త కర్ర పైకి తీసి, నీళ్ళు కారడం ఆగేదాకా పట్టుకుని, "రెండు వందల ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు," అని చదివింది.

నాకు కర్ర మీద తడి 240 గీత దగ్గరే ఉన్నట్టు కనిపించింది. దీపం మసక కదా. మళ్ళీ ముంచమన్నాను. ఈసారి ఆమె తడి అంచున బొటనవేలి గోరు ఆనించి చూపించింది.

"నాలుగు మిల్లీమీటర్లు తక్కువండీ, మామ్మగారూ."

మధ్యాహ్నం పూట పెద్ద బ్రహ్మాజీ నోరు ఊరుకోదు. "ఏం ఊర్మిళా, మాకు అడుగంటిన గిన్నె ఇస్తన్నావే?" అన్నాడు. అతని వెనకున్న వాళ్ళు నవ్వారు. ఊర్మిళ ముఖం కందిపోయింది. పక్కకు వచ్చి నా చెవిలో, "రెండు నలభై రాసెయ్ నాయనమ్మా. కొత్త మనిషి, కర్ర పట్టుకోవడం రాలేదు," అంది.

"ఆమెకు వచ్చినట్టే ఉంది," అన్నాను. 239.6 అని రాశాను.

తరవాత సువార్తను నిలదీశాను. మొదటి రోజే గీత తగ్గించి అప్పగించడం ఏమిటని అడిగాను.

"నేనేం తగ్గించలేదండీ. నా డబ్బా నేను పొయ్యలేదు, అంతే."

"ఏ డబ్బా?"

ఆమె ఊర్మిళ వైపు చూసింది. ఊర్మిళ నేల వైపు చూసింది.

గదికి వచ్చి లెక్క వేశాను. తొట్టిలో ఒక సెంటీమీటరు అంటే నలభై లీటర్లు. పదిహేను లీటర్లు అంటే 0.375. పైకి సవరిస్తే నాలుగు మిల్లీమీటర్లు. తగ్గింది సరిగ్గా ఒక స్నానపు డబ్బా.

రోజు 15,120

మూడు అంకెలూ 240.

పేట పర్యవేక్షకుడు ఫణీంద్ర పిలిపించాడు. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ తనే జరిపాడు.

"నాలుగు మిల్లీమీటర్లండీ దమయంతిగారూ. రెండు అగ్గిపుల్లల మందం. మీరు అది పుస్తకంలో రాశారు. నిన్న సాయంత్రానికి పేటంతా నీళ్ళు తగ్గాయనే మాట. భూమి నుంచి ఓడ వచ్చి పదకొండేళ్ళయింది. వీళ్ళు పొద్దున లేచి పనిలోకి వస్తున్నారంటే ఆ గీతను చూసే. దాన్ని కూడా కదిలిస్తే ఎట్లా?"

"గీతను నేను కదిలించలేదు. నీళ్ళు కదిలాయి."

ఆయన నిట్టూర్చాడు. "సువార్తను రెండు వారాల తరవాత గనికి పంపుతున్నాను. పూటలో కలవలేకపోతోందని ఊర్మిళ వాళ్ళే అన్నారు."

గని అంటే మంచు తవ్వే గుంట. వెళ్ళిన వాళ్ళు ఆరు నెలలు అక్కడే ఉంటారు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తారు. సువార్తకు కృప అనే ఏడేళ్ళ కూతురుంది. ఇంకెవరూ లేరు.

అక్కడి నుంచి నేరుగా సువార్త గదికి వెళ్ళాను. కూతురికి జడ వేస్తోంది. పిల్ల జుట్టు శుభ్రంగా, నూనె రాసి ఉంది. మూడు నెలలుగా పూటల వాళ్ళలో అలాంటి తల చూడలేదని అప్పుడు తట్టింది.

"కూర్చోండి మామ్మగారూ."

"కూర్చోను. డబ్బా సంగతి చెప్పు."

చెప్పింది. పూట దిగే ముందు ఊర్మిళ అందరినీ వరసలో నిలబెట్టిందట. ఒక్కొక్కరూ తమ స్నానపు డబ్బా తెచ్చి తొట్టిలో పోశారట. సువార్త వంతు వచ్చేసరికి ఆమె వెనక్కు తగ్గిందట.

"పిసినారినంటున్నారు. నీళ్ళు ఇవ్వడానికి నాకేం బాధ లేదండీ. మా అమ్మాయి తాగే చెంబు అడిగినా ఇస్తా. తొట్టిలో లేనిది ఉన్నట్టు చూపడానికైతే మాత్రం ఇవ్వను."

"చిన్న పిల్లవు కాదు. తోటివాళ్ళతో సర్దుకుపోతే ఏం పోయింది? గనికి పంపుతారని తెలుసా?"

"తెలుసండీ." జడకు రిబ్బను ముడి వేసింది. "మా తూర్పుపేటలో కూడా గీత మీదే ఉండేవి మామ్మగారూ. ఆఖరి రోజు పొద్దున కూడా గీత మీదే ఉన్నాయి."

నేను కూర్చున్నాను.

సాయంత్రం ఊర్మిళను పిలిచి తలుపు వేశాను. ఎక్కువ అడగాల్సిన అవసరం రాలేదు, అప్పటికే కళ్ళు నిండి ఉన్నాయి. ఎనభై రోజుల కిందట వాళ్ళ పూటలో నీళ్ళు మొదటిసారి అర సెంటీమీటరు తగ్గాయి. మంచులో ఇసుక ఎక్కువై పొయ్యి సరిగ్గా కరిగించడం లేదనుకున్నారు. వచ్చే పూట వాళ్ళకు కొరత అప్పగించడం చిన్నతనం కదా. ఇద్దరు డబ్బాలు పోశారు. తరవాత నలుగురు. తరవాత పది మంది. నిన్నటికి ఇరవై నలుగురూ పోయాల్సి వచ్చింది. ఇవాళ సువార్త వంతును మిగతావాళ్ళు తడిగుడ్డకు ఉంచుకున్న నీళ్ళతో పూడ్చారు.

"మేమే చేతగానివాళ్ళం నాయనమ్మా. మిగతా రెండు పూటలూ చక్కగా గీత మీద ఇస్తన్నారు. మేం మాత్రం ఎట్లా తగ్గించి ఇస్తాం? తొట్టి గోడ మీద నువ్వే కదా రాశావు."

అవును, నేనే రాశాను. రోజు 212న. అప్పటికి తెనాలిలో లెక్కల టీచరు ఉద్యోగం వదిలి వచ్చి ఏడు నెలలు. కొత్త పేట, కొత్త మనుషులు, ఒక పూటంటే ఇంకో పూటకు పడేది కాదు. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెను మా అమ్మ ఏనాడూ ఉత్తగా తిరిగి ఇవ్వలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇచ్చేది. ఆ అలవాటు గుర్తొచ్చి, ఎర్ర రంగుతో గోడ మీద రాశాను: 'గీత తగ్గించి అప్పగించరాదు.' అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడ పుట్టిన పిల్లలు అక్షరాలు నేర్చుకున్నది ఆ వాక్యం మీదే.

దీపం ఇంకా మసకగానే ఉంది. బాజీకి రెండోసారి చెప్పాను.

రోజు 15,121

ఈ రోజు ఎవరూ డబ్బా పోయకూడదని మూడు పూటల వాళ్ళకూ చెప్పాను. చెప్పడంతో సరిపెట్టలేదు. డెబ్బై రెండు డబ్బాలూ నా గదిలో పెట్టించి తాళం వేశాను. మంచం ఎక్కడానికి కూడా దారి లేదు.

ఐదింటికి 231. మాపటి పూట పెద్దాయన అంకె చదివి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా పూటలో ఇట్లా ఎప్పుడూ..." అని ఆగిపోయాడు. ఊర్మిళ అతని వైపు చూసింది. "మీరూ పోస్తున్నారా బాబాయ్?" అని మెల్లగా అడిగింది.

ఒంటిగంటకు 222. బ్రహ్మాజీ అప్పటికే సంగతి తెలిసి వచ్చాడు. మొన్న అడుగంటిన గిన్నె అన్నవాడు ఇవాళ నోరెత్తలేదు. వాళ్ళ పూటలో కూడా పోస్తున్నారు. వాళ్ళు అరవై తొమ్మిది రోజుల నుంచట.

తొమ్మిదింటికి 213. ఫణీంద్ర నిలబడి చూశాడు. ముఖంలో రంగు లేదు. "మూడు పూటలూనా?" అన్నాడు.

ప్రతి పూటా తామొక్కరమే అసమర్థులం అనుకుంది. ప్రతి పూటా మిగతా రెండు పూటలనూ చూసి సిగ్గుపడి, ఒంటి మీది నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. పూటకు తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కడికో పోతున్నాయి. పోసేవాళ్ళు ఇరవై నలుగురూ అయిపోయారు. లోటు ఇంకో మిల్లీమీటరు పెరిగితే తాగే నీళ్ళు పోయాలి.

"దానికీ సిద్ధపడ్డాం మామ్మగారూ," అన్నాడు బ్రహ్మాజీ. "మా పూటలో చీటీలేసుకున్నాం, ఎవరు ముందని."

తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. తిట్టాను.

రోజు 15,122

ఐదింటికి 204. ఇవాళ కూడా పోయనివ్వలేదు.

పొద్దున ఆరింటికి బాజీ తొట్టి కింది అంతస్తు మూత తెరిచాడు. అక్కడ ఉత్త బోలు గది ఉంది, రాతి నేల. ఏళ్ళుగా ఎవరూ దిగలేదు. నిచ్చెన సగం దిగి అతను ఆగిపోయాడు.

"ఏముంది రా?" అన్నాను పైనుంచి.

"అడుగు పెట్టడానికి చోటు లేదమ్మా. ఛాతీ ఎత్తు మంచు."

తొట్టి అడుగున అతుకు విడింది. కారిన నీరు కారినట్టే చలిరాతి మీద గడ్డకట్టింది. చప్పుడు లేదు, తడి లేదు. మంచు పెరిగి పెరిగి తొట్టి కాలును రెండు వేళ్ళ ఎత్తు లేపింది. బాజీ ఆ కాలు కింద చేయి పెట్టి చూపించాడు.

"ఇంకో పది రోజులు ఆగితే తొట్టి నిలువునా చీలేదమ్మా. అప్పుడు గంటలో మొత్తం కిందికే."

సువార్త మూత దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. తెలిసిన మనిషిని చూసినట్టు చూస్తోంది. ఊర్మిళ ఆమె పక్కకు వెళ్ళి నిలబడింది. నిన్నటిదాకా పిసినారి అన్న నోటితో ఏమంటుందా అని విన్నాను.

"అక్కా, నిన్ను గనికి పంపమని సంతకం పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను."

"తెలుసమ్మా."

"తిట్టవచ్చు కదా."

"ముందు ఆ అతుకు చూద్దాం. తరవాత తీరిగ్గా తిడతా," అంది సువార్త.

బాజీ గట్టిగా నవ్వాడు. ఆ గదిలో నవ్వు మోగింది.

రోజు 15,124

అతుకు వేశారు. ఒంటిగంటకు 187, తొమ్మిదింటికి 187. నా జీవితంలో ఇంత తక్కువ అంకె చూసి ఇంత ఊపిరి పీల్చుకోలేదు.

మూడు పూటల వాళ్ళనూ కూర్చోబెట్టి ఎవరు ఏ రోజు ఎన్ని డబ్బాలు పోశారో చెప్పించుకున్నాను. దాచలేదు, గుర్తున్నంత వరకూ సరిగ్గానే చెప్పారు. ఎనభై ఒక్క రోజుల్లో 2,910 డబ్బాలు. 43,650 లీటర్లు. తొట్టి నాలుగున్నర సార్లు నిండే నీళ్ళు. డెబ్బై ఒక్క మంది తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, తల గోక్కుంటూ, ఎవరికీ చెప్పకుండా, ఫిర్యాదు లేకుండా ఇచ్చిన నీళ్ళు. అంత ప్రేమ ఒక చోట కూడి మమ్మల్నందరినీ చంపబోయింది.

డెబ్బై రెండో మనిషి ఒక్క డబ్బా ఇవ్వలేదు. అందుకే ఇది రాయడానికి నేనున్నాను.

నా తప్పు కూడా రాయాలి. ఎనభై రోజులు మూడు పూటలా ఒకే అంకె వచ్చింది. బడిలో నలభై మంది పిల్లలు ఒకే లెక్కకు ఒకే తప్పు రాస్తే చూసి రాశారని పట్టుకున్నదాన్ని. చేత్తో కొలిచే నీళ్ళు ఎనభై రోజులు వెంట్రుకవాసి కదలకపోతే అనుమానించలేదు. ముచ్చటపడ్డాను.

రోజు 15,131

ఐదింటికి 219. ఒంటిగంటకు 222. తొమ్మిదింటికి 226.

కింది మంచును గడ్డపారలతో పగలగొట్టి పొయ్యికి మోస్తున్నారు. పోసిన నీళ్ళే మళ్ళీ తొట్టికి వస్తున్నాయి. స్నానపు డబ్బాలు తిరిగి ఇచ్చేశాను. ఊర్మిళ ఇవాళ తలంటుకుని వచ్చింది. బద్ధకం కాదని రుజువైంది.

ఫణీంద్ర మూడు పూటల వాళ్ళ ముందూ నిలబడి సువార్త గని ఉత్తర్వు చించాడు. "నాకు కావలసిన మాట వింటూ కూర్చున్నాను. ఆ తప్పు నాది, ఈమెది కాదు," అన్నాడు. అందరి ముందూ అంత సూటిగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. మర్యాద అంటే కుర్చీ జరపడమే అనుకున్నాను, అంతకంటే ఎక్కువే ఉంది అతని దగ్గర.

గోడ మీది నా వాక్యాన్ని నేనే గీకేశాను. నిచ్చెన ఎక్కవద్దని ఊర్మిళ గొడవ పెట్టింది. కొత్తగా ఏం రాయాలని అడిగారు. ఏమీ వద్దన్నాను. కర్ర చాలు.

దీపం సంగతి మూడోసారి చెప్పాను. బాజీ ఇంత మంచి పనివాడై ఉండి ఈ ఒక్క చిన్న పని చేయడం లేదు.

రోజు 15,140

ఐదింటికి 241. తొమ్మిదింటికి 239. ఒంటిగంట అంకె కింద రాస్తాను, దానికి కొంచెం వివరం కావాలి.

ఇప్పుడు అంకెలు రోజుకొక రకంగా వస్తున్నాయి. పోయిన వారం 237 ఒకసారి, 242 ఒకసారి. పొయ్యిలో ఇసుక చేరితే తగ్గుతుంది, మంచి మంచు దొరికితే పెరుగుతుంది. తగ్గినప్పుడు దిగేవాళ్ళు ఎందుకో చెబుతారు, ఎక్కేవాళ్ళు వింటారు. బ్రహ్మాజీ వెటకారం మాత్రం మానలేదు. ఇలా వంకర టింకరగా ఉన్న పేజీ నాకు అందంగా కనిపిస్తోంది.

ఇవాళ ఒంటిగంటకు కర్ర ముంచే వంతు సువార్తది. పైకి తీసి, ఎప్పటిలా అంకె చదవకుండా, నా ముందుకు చాపింది.

"ముందు మీరు చదవండి మామ్మగారూ."

చూశాను. "రెండు వందల ముప్పై ఎనిమిది," అన్నాను.

బ్రహ్మాజీ దగ్గాడు. ఊర్మిళ సువార్త మోచేయి పట్టుకుని, వద్దన్నట్టు నొక్కింది. సువార్త మెల్లగా ఆ చేయి విడిపించుకుంది.

"ముప్పై ఆరండీ."

"దీపం మసకగా ఉంది. బాజీకి మూడుసార్లు..."

"దీపం బాగానే ఉందండీ. మీ కళ్ళు మసకబారాయి."

నేను బాజీ వైపు తిరిగాను.

"ఏం రా?"

"మీరు చెప్పినప్పుడల్లా ఎక్కి, అదే దీపం తీసి, తుడిచి మళ్ళీ పెట్టానమ్మా," అన్నాడు తల దించుకుని. "కొత్తవి లేవు. ఇది పాడవలేదు."

"ఎన్నాళ్ళయింది ఇది?" అని ఊర్మిళను అడిగాను.

"ఏడాది దాటింది నాయనమ్మా. అందుకే అంకె గట్టిగా చదువుతున్నాం. నీకు తెలిస్తే పుస్తకం వదిలేస్తావని... పుస్తకం వదిలేస్తే నువ్వు ఏమవుతావోనని..."

అందరి ముఖాల్లోనూ అదే ఉంది. మూడు పూటల వాళ్ళూ, డబ్బాలు పోసినట్టే, ఏడాది పాటు నా తొట్టి కూడా నింపుతూ వచ్చారు. ఒక్క సువార్త ముఖంలో భయం ఉంది, కానీ కర్ర కదలలేదు. బొటనవేలి గోరు తడి అంచునే ఉంది. గనికి పంపుతారని తెలిసినప్పుడు కూడా ఆ వేలు ఇలాగే ఉండి ఉంటుంది.

కోపం వచ్చిందని రాయాలి, వచ్చింది. అది దిగడానికి పొయ్యి రెండుసార్లు వెలిగి ఆరేంత సేపు పట్టింది. ఆ తరవాత సువార్తను దగ్గరికి రమ్మన్నాను. నా కలం ఆమె చేతికి ఇవ్వలేదు. రాయడం నాకింకా వచ్చు. రేపటి నుంచి నువ్వు చదువు, నేను రాస్తాను, నేను తప్పు రాస్తే అక్కడే అప్పుడే చెప్పు అన్నాను.

"మీ అక్షరాలు కూడా కొంచెం గీత దాటుతున్నాయండీ," అంది.

"ఒక రోజుకు ఒకటి చాలు," అన్నాను. బ్రహ్మాజీ పడీపడీ నవ్వాడు. ఊర్మిళ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఒంటిగంటకు 236. చదివింది సువార్త. రాసింది దమయంతి.

సవరణ: 15,118, 15,119, 15,120, 15,131 రోజుల్లో తొట్టి దీపం మసకగా ఉందని ఈ పుస్తకంలో నాలుగుసార్లు రాశాను. అది తప్పు. దీపం బాగానే వెలుగుతోంది.